ఒరిజినల్‌ని మించిపోయిన క్లాసిక్ రాక్ కవర్ పాటలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. "రాసినవాడి కంటే ఇంకొకరు ఆ పాటను బాగా పాడటం ఎలా సాధ్యం?" అని కూడా మీరు అడిగారు. అందుకని పేర్లు చెప్పి ఊరుకోకుండా, నేను ఏళ్ల తరబడి విన్న, గిటార్ మీద వాయించిన కొన్ని పాటల గురించే చెబుతాను. సంగీతం నా వృత్తి కాదు. కానీ ఇంజనీరింగ్ రోజుల నుంచి ఇప్పటిదాకా గిటార్ వదల్లేదు.

ముందుగా ఒక విషయం. ఒకరి పాటను ఇంకొకరు తమ పద్ధతిలో మళ్లీ పాడి రికార్డు చేస్తే దాన్ని కవర్ అంటారు. కవర్ అంటే కాపీ కాదు. సినిమాల్లో ట్యూన్లు ఎత్తేశారన్న మాటలు విని విని మనలో చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కవర్ పాట మీద రాసినవాడి పేరు ఉంటుంది, అతనికి డబ్బూ అందుతుంది. అమెరికాలో ఒకసారి రికార్డయి విడుదలైన పాటను, చట్టం చెప్పిన రుసుము కట్టి ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. 1909 నాటి చట్టం నుంచీ ఆ ఏర్పాటు ఉంది. కాబట్టి ఒకే పాటను పదిమంది పదిరకాలుగా పాడటం అక్కడ మామూలు విషయం.

ఇక నా మొదటి పేరు "ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్". రాసి మొదట పాడింది అమెరికన్ గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్, 1967లో. మరుసటి ఏడాది గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ పాడాడు.

నేను విన్నది మాత్రం తలకిందులుగా. 1997లో హాస్టల్లో మా సీనియర్ అన్న ఒకాయన దగ్గర 90 నిమిషాల టీడీకే క్యాసెట్ ఉండేది. ఎవరి దగ్గరో రికార్డు చేయించుకున్నది. అట్ట మీద బాల్‌పెన్నుతో పాటల పేర్లు, పక్కన పాడినవాళ్ల పేర్లు రాసి ఉండేవి. వాచ్‌టవర్ పక్కన హెండ్రిక్స్ అని ఉంది. అంతే, ఆ పాట హెండ్రిక్స్‌దే అని ఐదేళ్లు నమ్మాను. మొదటిసారి విన్నప్పుడు వాక్‌మన్ చెవులకు పెట్టుకుని మేడ మీద పడుకుని ఉన్నాను. గిటార్, డ్రమ్ కలిసి నాలుగు దెబ్బలు కొట్టినట్టు మొదలై, వెనకాల ఏదో గలగలమని చెక్క వాయిద్యం మోగి, ఆ తర్వాత గిటార్ ఒక్కసారిగా పైకి లేచేసరికి నేనూ లేచి కూర్చున్నాను. ఆ రాత్రి అదే పాట రివైండ్ చేసుకుంటూ బ్యాటరీ అయిపోయేదాకా విన్నాను.

ఉద్యోగంలో చేరాక సీడీ కొనుక్కుంటే, పాట కింద రచయిత పేరు బి. డిలన్ అని కనిపించింది. వెతికి డిలన్ పాడింది విన్నాను. నిజం చెప్పాలంటే చాలా నిరాశపడ్డాను. రెండున్నర నిమిషాలు. ఒక మామూలు గిటార్, మౌత్ ఆర్గాన్, బేస్, డ్రమ్స్. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. పాట ఇంకా పూర్తికాకముందే ఎవరో చిత్తు ప్రతి రికార్డు చేసిపెట్టినట్టు అనిపించింది.

ఆ అభిప్రాయం మారడానికి చాలా కాలం పట్టింది. మారింది వినడం వల్ల కాదు, వాయించడం వల్ల. ఆ పాటలో ఉన్నవి మూడే కార్డ్‌లు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు. మెట్లు దిగినట్టు దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి, మొదటి నుంచి చివరిదాకా అదే. పల్లవి లేదు. మొత్తం పన్నెండు లైన్లు, మూడు చరణాలు. మొదటి రెండు చరణాల్లో ఒక విదూషకుడు, ఒక దొంగ మాట్లాడుకుంటారు. మూడో చరణంలో కోట బురుజు, కాపలా కాస్తున్న రాజకుమారులు, దూరం నుంచి వస్తున్న ఇద్దరు గుర్రపు రౌతులు. చివరి లైనులో గాలి హోరు మొదలవుతుంది. అక్కడితో పాట ఆగిపోతుంది. ఆ రౌతులు ఎవరో, వచ్చి ఏం చేశారో చెప్పడు. కథ ఎక్కడ మొదలవ్వాలో అక్కడ డిలన్ ఆపేశాడు. 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత చాలాకాలం జనానికి దూరంగా ఉండి, నాష్‌విల్లో ఇద్దరు ముగ్గురు వాద్యకారులతో నిరాడంబరంగా చేసిన ఆల్బమ్ అది. అందులో ఒక్క మాట కూడా ఎక్కువ ఉండదు.

హెండ్రిక్స్ ఏం చేశాడంటే, డిలన్ చివరి లైనులో మొదలైన గాలిని తీసుకొచ్చి పాట మొదట్లోనే పెట్టాడు. విదూషకుడూ దొంగా మాట్లాడుకుంటున్నంతసేపూ వెనకాల ఆ హోరు వినిపిస్తూనే ఉంటుంది. డిలన్ పాటలో ప్రమాదం గురించి మాట్లాడుకుంటున్నారు. హెండ్రిక్స్ పాటలో ఆ ప్రమాదం గుమ్మం దాకా వచ్చేసింది. రెండో చరణం తర్వాత వచ్చే పెద్ద గిటార్ సోలోను జాగ్రత్తగా వినండి, అందులో నాలుగు భాగాలున్నాయి. ముందు మామూలు లీడ్. తర్వాత తీగ మీద జారుతూ దూరం నుంచి ఎవరో పిలుస్తున్నట్టు స్లైడ్. తర్వాత కాలితో నొక్కుతూ గిటార్ శబ్దాన్ని మార్చే వావా పెడల్, అచ్చం మాటలు పలుకుతున్నట్టే ఉంటుంది. చివర్లో కార్డ్‌లతో లయ తిరిగి గట్టిపడుతుంది. ఒక్కో భాగానికి ఒక్కో గొంతు. సంభాషణ మీద నడిచే పాటకు సోలోను కూడా సంభాషణలాగే కట్టాడు. ఇది నాకు అర్థమైన రోజు, అంతకుముందు పదేళ్లుగా నేను ఆ సోలోను వేళ్లతో మాత్రమే వాయించానని తెలిసింది.

ఈ రికార్డింగ్ 1968 జనవరిలో లండన్లోని ఒలింపిక్ స్టూడియోలో మొదలైంది. ట్రాఫిక్ బ్యాండ్‌కు చెందిన డేవ్ మేసన్ పన్నెండు తీగల గిటార్ వాయించాడు. బేస్ వాయించాల్సిన నోయెల్ రెడ్డింగ్ మధ్యలో విసుగొచ్చి వెళ్లిపోతే, బేస్ కూడా హెండ్రిక్సే వాయించాడు. ఆ తర్వాత న్యూయార్క్‌లో నెలల తరబడి ఒకదాని మీద ఒకటి గిటార్లు చేర్చుకుంటూ పోయాడు. బ్రిటన్లో ఐదో స్థానం, అమెరికాలో 20వ స్థానం. అమెరికాలో టాప్ 40లోకి వచ్చిన హెండ్రిక్స్ పాట ఇదొక్కటే. 1970 సెప్టెంబరులో, 27 ఏళ్లకే చనిపోయాడు.

మీ ప్రశ్నకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యం డిలనే. 1974 టూర్లో ఈ పాటను వేదిక మీద పాడటం మొదలుపెట్టినప్పుడు, తన రికార్డులోలా కాకుండా హెండ్రిక్స్ పద్ధతిలో ఎలక్ట్రిక్ గిటార్లతో పాడాడు. హెండ్రిక్స్ పోయినప్పటి నుంచి తాను అలాగే పాడుతున్నానని స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన కచేరీల్లో ఎక్కువసార్లు పాడిన పాట కూడా ఇదే, రెండు వేలకు పైమాటే. రాసినవాడే అవతలివాడి దారిలోకి వచ్చేశాడు. దీన్ని మించిన ఒప్పుకోలు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

అయితే కవర్ పాడితే చాలు గొప్పదైపోతుందని కాదు. డిలన్‌దే ఇంకో పాట చూడండి, "నాకిన్ ఆన్ హెవెన్స్ డోర్". 1973లో ఒక కౌబాయ్ సినిమా కోసం రాశాడు. 1991లో గన్స్ ఎన్ రోజెస్ తమ ఆల్బమ్‌లో పెట్టిన కవరే మా తరం ఇంజనీరింగ్ కాలేజీల్లో మోగిపోయింది. మా కాలేజీ ఫెస్ట్‌లో మా బ్యాండ్ పాడిందీ అదే. గొంతు చించుకుని పాడాం, జనం చేతులు ఊపారు, కేకలు పెట్టారు. ఆ రాత్రంతా గాల్లో తేలుతున్నట్టు ఉంది.

చాలా ఏళ్ల తర్వాత ఆ సినిమా చూశాను. పొట్టలో తూటా దిగిన ఒక పెద్ద వయసు షెరీఫ్, నది ఒడ్డు దాకా నడిచి వెళ్లి కూర్చుంటాడు. సాయంత్రం వెలుగు. కాస్త దూరంలో భార్య, దగ్గరికి రాలేక ఏడుస్తూ అతన్నే చూస్తూ ఉంటుంది. ఆ మనిషి కోసం రాసిన పాట అది. తన బ్యాడ్జి తీసేయమని, చీకటి కమ్ముకుంటోందని చెప్పే మనిషి. ఊపిరి అందనివాడు కేకలు పెట్టడు కదా. డిలన్ దాన్ని రెండున్నర నిమిషాల్లో, దాదాపు గొంతు పెంచకుండా ముగించేశాడు. ఆ సీను చూశాక ఆ పాటను మేం పాడిన పద్ధతిలో నేను మళ్లీ పాడలేదు. గన్స్ ఎన్ రోజెస్ గిటార్ వాదన అంటే నాకు ఇప్పటికీ ఇష్టం, వాళ్ల గిటారిస్ట్ స్లాష్ సోలోలు అద్భుతంగా ఉంటాయి. కానీ ఆ కవర్ పాటలోని మనిషిని మర్చిపోయింది. వాచ్‌టవర్‌లో డిలన్ కావాలనే ఖాళీ వదిలాడు, హెండ్రిక్స్ అందులోకి వచ్చాడు. ఈ పాటలో ఖాళీ లేదు. ఆ నెమ్మదితనమే పాట.

ఇంకొకరి పాటను తీసుకుని దాని నడకే మార్చేసి గెలిచినవాడు జో కాకర్. "విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్" 1967 నాటి బీటిల్స్ పాట. వాళ్ల డ్రమ్మర్ రింగో స్టార్ పాడాడు. రింగోది పెద్ద పరిధి ఉన్న గొంతు కాదు కాబట్టి, బీటిల్స్‌లో పాటలు రాసే లెనన్, మెకార్ట్నీ అతనికి సరిపోయేలా కొద్ది స్వరాల్లోనే కట్టారు. మిగతావాళ్లు ప్రశ్నలు అడుగుతుంటే రింగో జవాబులు చెబుతాడు. హాయిగా, నలుగురు స్నేహితులు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

షెఫీల్డ్‌లో గ్యాస్ పైపులు బిగించే పని చేసుకున్న కాకర్ 1968లో దీన్ని పాడినప్పుడు మొదట తాళం మార్చాడు. మన లెక్కలో చెప్పాలంటే, నాలుగేసి దెబ్బల చతురస్రంలో చకచకా నడిచే పాటను మూడేసి దెబ్బల తిశ్రంలోకి దించి, నడకను సగానికి సగం నెమ్మది చేశాడు. ఆర్గాన్ చర్చిలో మోగినట్టు మెల్లగా మొదలవుతుంది, తర్వాత గిటార్ విరుచుకుపడుతుంది. ఆ గిటార్ జిమ్మీ పేజ్‌ది, ఆయన బ్యాండ్ లెడ్ జెప్లిన్ ఇంకా పేరు తెచ్చుకోని రోజులవి. ప్రశ్నలు అడిగేది ఇక్కడ వెనకాల పాడే ఆడవాళ్లు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. కానీ రింగో నోట్లో స్నేహితులు తోడున్నారన్న నిశ్చింత వినిపిస్తే, కాకర్ నోట్లో తోడు దొరక్కపోతే బతకలేనన్న ఆరాటం వినిపిస్తుంది. చివర్లో మాటలు అయిపోయి వట్టి అరుపు మిగులుతుంది. ఆ అరుపు నాకు ఎప్పుడూ అతిగా అనిపించలేదు, ఎందుకంటే నాలుగు నిమిషాలు దాని కోసమే మెట్టు మెట్టుగా కట్టుకుంటూ వచ్చాడు. 1968 నవంబరులో బ్రిటన్లో మొదటి స్థానానికి వెళ్లింది. 1969 ఆగస్టు 17న అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో పాడినప్పటి వీడియో దొరుకుతుంది, తప్పకుండా చూడండి. చేతుల్లో లేని గిటార్‌ను వాయిస్తున్నట్టు వేళ్లు వంకర్లు తిరిగిపోతుంటాయి. ఆయన పాట ముగిసిన కాసేపటికే అక్కడ పెద్ద గాలివాన వచ్చింది.

ఇక అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ పాడిన "హర్ట్". ఇది 1994 నాటి నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ పాట. క్లాసిక్ రాక్ అంటే ముఖ్యంగా అరవైలు, డెబ్బైల నాటి రాక్ కాబట్టి, కచ్చితంగా లెక్క చూస్తే ఇది దాని కిందికి రాదు. అయినా మీ ప్రశ్నకు ఈ పాట లేకుండా జవాబు ఇవ్వలేను.

ఆ పాట రాసినప్పుడు ఆ బ్యాండ్ గాయకుడు ట్రెంట్ రెజ్నర్‌కు ఇంకా ముప్ఫై నిండలేదు. తనను తాను గాయపరుచుకునే కుర్రవాడి పాట, వెనకాల యంత్రాల రొద. క్యాష్ 2002లో దాన్ని పాడేసరికి ఆయనకు 70. ఒంట్లో బాగోలేదు, గొంతు వణుకుతోంది. నిర్మాత రిక్ రూబిన్ ఆ వణుకును దాచలేదు. ముఖ్యంగా వినిపించేవి గిటార్, పియానో, గొంతు. ఒక్క బూతు మాట తీసి ముళ్ల కిరీటం అని మార్చారు తప్ప పాటంతా దాదాపు అదే. కుర్రవాడు పాడితే ఎదరంతా చీకటి అన్నట్టున్న మాటలే, ముసలాయన పాడేసరికి వెనక్కి తిరిగి చూసుకుంటున్న మాటలయ్యాయి. పోగొట్టుకున్నవాళ్ల జాబితా రెజ్నర్ ఊహించి రాశాడేమో కానీ, క్యాష్ దగ్గర ఆ జాబితా నిజంగా ఉంది.

మార్క్ రోమనెక్ తీసిన వీడియోను నాన్నకు చూపించాను. 2005 ప్రాంతంలో ఆయన హైదరాబాద్ వచ్చి మా దగ్గర కొన్నాళ్లు ఉన్నారు. నాన్న తెనాలి చుట్టుపక్కల నాటకాలకు హార్మోనియం వాయించేవారు. కొద్దిగా పక్షవాతం వచ్చి కుడి చేతి వేళ్లు సరిగా కదలక మానేశారు. ఇంగ్లీషు పెద్దగా రాదు. మూతబడ్డ మ్యూజియంలో దుమ్ము పట్టిన వస్తువులు, క్యాష్ పడుచు వయసు నాటి పాత ఫిల్ము ముక్కలు, మెట్ల మీద నిలబడి భర్తను చూస్తున్న జూన్. నాన్న కుర్చీలో కదలకుండా చూశారు. చివర్లో క్యాష్ పియానో మూత మూసి దాని మీద చేతులు ఆనించినప్పుడు, "పెట్టె మూసేశాడ్రా" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. మా ఇంట్లో ఆయన హార్మోనియం పెట్టె మీద అప్పటికి మూడేళ్లుగా తువ్వాలు కప్పి ఉంది. పాటలో ఏముందో నేను ఒక్క ముక్క చెప్పలేదు ఆయనకు.

ఆ వీడియో వచ్చాక 2003 మే నెలలో జూన్ పోయారు, సెప్టెంబరులో క్యాష్ పోయారు. ఆ వీడియో చూసిన రెజ్నర్, ఆ పాట ఇక తనది కాదన్నాడు.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర నాన్నకు చెప్పాను, ఆ పాట రాసింది ఆ ముసలాయన కాదు, ముప్ఫై ఏళ్లు కూడా లేని కుర్రాడు అని. నాన్న ఆశ్చర్యపోలేదు. "ఉద్యోగవిజయాల్లో పద్యాలు తిరుపతి వేంకట కవులు రాశారు. మన ఊళ్లో ఎవడైనా తిరుపతి వేంకట కవుల పద్యం అన్నాడా? షణ్ముఖి పద్యం అంటాడు, పీసపాటి పద్యం అంటాడు" అన్నారు. నిజమే. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి ఇద్దరూ కృష్ణుడి వేషానికి పేరుపడ్డవాళ్లు. అదే రాయబారం, అవే పద్యాలు. మా మేనమామ ఒకరి పక్షం, నాన్న ఇంకొకరి పక్షం. పండక్కి కలిస్తే అర్ధరాత్రి దాకా వాదించుకునేవాళ్లు. ఏ మాట దగ్గర ఆగాడు, ఏ మాట మీద రాగం తీశాడు, దుర్యోధనుడికి వార్నింగ్ ఇస్తున్నాడా లేక చివరిసారిగా బతిమాలుతున్నాడా, ఇదే వాళ్ల గొడవ. అసలు ఎవరిది అన్న ప్రశ్నే రాలేదు. నేను హాస్టల్లో ఇంగ్లీషు పాటల గురించి కొత్తగా నేర్చుకున్నాననుకున్నది మా ఇంటి అరుగు మీద చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. అందుకే, రాసినవాడి కంటే ఇంకొకరు బాగా పాడటం ఎలా సాధ్యం అని మీరు అడిగితే, మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొట్టిన జనాన్ని అడగండి అంటాను.

మిగతావి క్లుప్తంగా. జానిస్ జాప్లిన్ పాడిన "మీ అండ్ బాబీ మెగీ" విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. క్రిస్ క్రిస్టోఫర్సన్ పాటను ఆమె చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, 1970లో రికార్డు చేసింది. క్రిస్టోఫర్సన్ దాన్ని విన్నది ఆమె పోయాకే. 1971లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. "బ్లాక్ మ్యాజిక్ వుమన్" సంతానాది అనే చాలామంది అనుకుంటారు. అది 1968లో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ కోసం పీటర్ గ్రీన్ రాసింది. సంతానా 1970లో కాంగాలు, టింబేల్స్ లాంటి డ్రమ్ములు చేర్చి లాటిన్ లయలోకి తెచ్చాడు. వినడానికి సంతానాదే బాగుంటుంది. కానీ గిటార్ నేర్చుకునేవాళ్లు గ్రీన్‌ది కూడా వినాలి, తక్కువ స్వరాలతో ఎంత చెప్పవచ్చో అందులో ఉంది. "ప్రౌడ్ మేరీ" దగ్గర మాత్రం నేను ఏ పక్షమూ తీసుకోలేను. మొదట పాడిన క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బ్యాండ్ వాళ్లది నదిలో పడవ వెళ్తున్నట్టు సాగుతుంది, టీనా టర్నర్‌ది ఒడ్డున తిరునాళ్లలా ఉంటుంది. రెండూ కావాలి నాకు.

ఏది ముందు వినాలి అనేది కూడా ముఖ్యమే. మొదట విన్నదే మన చెవికి అసలైనదిగా స్థిరపడిపోతుంది, రెండోది దానికి నకలులా వినిపిస్తుంది. నేను ఐదేళ్లు హెండ్రిక్స్ విని తర్వాత డిలన్ దగ్గరికి వెళ్లడం వల్ల, డిలన్‌ను సరిగా వినడానికి ఇంకో పదేళ్లు పట్టింది. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి ముందు డిలన్ వాచ్‌టవర్ పెట్టుకోండి. మాటలు ఎదురుగా ఉంచుకుని వినండి. చివరి లైనులో గాలి హోరు మొదలవుతుంది, మౌత్ ఆర్గాన్ కాసేపు మోగి ఆగిపోతుంది. అప్పుడు ఇంకేమీ వినకుండా, వెంటనే హెండ్రిక్స్‌ది పెట్టండి.